ఎనిమిది ట్రాకుల డెమో, మెట్ల గదిలో డ్రమ్స్: నా రికార్డింగ్ ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ఫిల్ కాలిన్స్ మొదటి సోలో ఆల్బమ్ 'ఫేస్ వాల్యూ' 1981 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి ఆయన జెనెసిస్ బ్యాండ్‌లో పదేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాడు. గాయకుడు పీటర్ గాబ్రియేల్ బ్యాండ్ వదిలి వెళ్లాక పాడే బాధ్యత కూడా ఆయన మీదే పడింది. ఈ ఆల్బమ్ పేరెత్తితే చాలు, 'ఇన్ ది ఎయిర్ టునైట్' పాటలో మూడు నిమిషాల నలభై సెకన్ల దగ్గర విరుచుకుపడే డ్రమ్స్ గురించే అందరూ మాట్లాడతారు. నేను డ్రమ్మర్‌ని, నాకూ ఆ చోటు ప్రాణం. కానీ ఈ మధ్య ఆ పాటను హెడ్‌ఫోన్స్‌లో పదే పదే వింటుంటే, డ్రమ్స్ రాకముందు నడిచే ఆ మూడున్నర నిమిషాలే నన్ను ఎక్కువగా పట్టుకున్నాయి. ఆ భాగానికి పునాది, ఆయన ఇంట్లో ఒంటరిగా కూర్చుని రికార్డ్ చేసుకున్న డెమో టేపు, అంటే అసలు రికార్డింగ్‌కు ముందు చేసుకునే ముసాయిదా.

1979లో ఆయన మొదటి కాపురం చెదిరింది. భార్యాపిల్లలు కెనడాలోని వాంకూవర్ వెళ్లిపోయారు. ఆయన కూడా అక్కడికి వెళ్లి నిలబెట్టుకోవాలని చూశాడు, కుదరలేదు. ఇంగ్లండ్‌లో, సర్రే ప్రాంతంలోని షాల్‌ఫర్డ్‌లో ఉన్న ఓల్డ్ క్రాఫ్ట్ అనే ఇంటికి తిరిగొచ్చాడు. జెనెసిస్ అప్పుడు విరామంలో ఉంది. ఖాళీ ఇంట్లో ఒక టేపు మెషీన్, ఒక సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), ఒక పియానో, ఒక డ్రమ్ మెషీన్. ఆ గదిలో పుట్టినవే ఈ డెమోలు.

నేను సికింద్రాబాద్‌లో ఒక రాక్ బ్యాండ్‌కు డ్రమ్స్ వాయిస్తాను. సొంత పాటలు కొన్ని చాలాకాలంగా ఫోన్‌లో కూనిరాగాలుగా పడి ఉన్నాయి. వాటిని కాలిన్స్ పెట్టుకున్నలాంటి హద్దుల్లోనే డెమోగా చేసి, ఆ డెమో మీదనే పూర్తి రికార్డింగ్ కట్టడం ఈ ప్రాజెక్టు. ఆయన పాటను దింపడం నా ఉద్దేశం కాదు. పని చేసిన తీరును చేత్తో చేసి నేర్చుకోవాలని ఉంది. డెమోలో ఉండే ప్రాణం స్టూడియోకి వెళ్లేసరికి ఎందుకు పోతుందో, ఆయన దాన్ని పోనివ్వకుండా ఎలా పట్టుకున్నాడో తెలుసుకోవాలి. మా బ్యాండ్ పాటలకు ప్రతిసారీ జరిగేది ఇదే కాబట్టి ఇది నాకు ఉత్త కుతూహలం కాదు.

జూన్, రెండో వారం: హద్దులు గీసుకోవడం

కాలిన్స్ ఇంట్లో ఉన్నది బ్రెనెల్ కంపెనీ ఒక అంగుళం టేపు మెషీన్. ఎనిమిది ట్రాకులు, అంటే ఒకదానితో ఒకటి కలవకుండా విడిగా రికార్డ్ చేసుకునే ఎనిమిది వరుసలు. ఈ రోజు లాప్‌టాప్‌లో ట్రాకులకు లెక్కే లేదు, తప్పు పోతే వెనక్కి వెళ్లడానికి ఒక్క మీట చాలు. నేను వాడేది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. అందులో ఎనిమిది ట్రాకులు తెరిచి, తొమ్మిదోది తెరవకూడదని నియమం పెట్టుకున్నాను. ఒక టేక్, అంటే ఒకసారి వాయించి రికార్డ్ చేసింది, బాగా రాకపోతే దాని మీదే మళ్లీ రికార్డ్ చేయాలి, పాతది పోతుంది. నాలుగు టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరి అతికించడం లేదు. స్వరం సరిదిద్దే సాఫ్ట్‌వేర్ అసలే లేదు.

ట్రాకుల పంపకం ఇలా వేసుకున్నాను. మొదటిది డ్రమ్ మెషీన్, మోనోలో. రెండు, మూడు సింథ్ ప్యాడ్‌కు, అంటే వెనక సాగుతూ నిలిచే స్వరాలకు. నాలుగోది ఎలక్ట్రిక్ పియానోకు. ఐదు, ఆరు గొంతుకు. ఏడోది వోకోడర్‌కు, అంటే గొంతును సింథ్ గుండా పంపి వినిపించే పరికరానికి. ఎనిమిదోది ఖాళీ. అది ఖాళీగా ఉండటం మంచి పని చేస్తుందని ఒక్క వారంలోనే తెలిసింది. ఏదైనా కొత్త ఆలోచన వస్తే, ఇది ఆ చివరి ట్రాకు ఇచ్చేంత విలువైనదా అని చేతులు వాటంతట అవే ఆగుతాయి.

టేపు సంగతి ఒకటి ఇక్కడే రాసుకోవాలి, తర్వాత పనికొస్తుంది. ఒక అంగుళం టేపు మీద ఎనిమిది ట్రాకులంటే, ఒక్కో ట్రాకుకు దక్కే చోటు అంగుళంలో ఎనిమిదో వంతు. పెద్ద స్టూడియోల్లో అప్పుడు వాడుతున్నది రెండంగుళాల టేపు మీద ఇరవై నాలుగు ట్రాకులు, అంటే పన్నెండో వంతు. ట్రాకు వెడల్పు తగ్గేకొద్దీ టేపు రొద ఎక్కువగా వినబడుతుంది. కాబట్టి ఇంటి మెషీన్ అంటే నాసిరకం అనుకోవడానికి లేదు. ట్రాకు వెడల్పులో ఆ డెమో టేపు స్టూడియో టేపు కంటే మెరుగు. పాట తేలిగ్గా, ఒత్తిడి లేకుండా పుట్టింది గానీ, రికార్డింగ్ మాత్రం గట్టిగానే ఉంది. ఈ రెండూ కలవడం వల్లే తర్వాత జరిగింది సాధ్యమైందని నా నమ్మకం.

జూన్, మూడో వారం: డ్రమ్మర్ చేతికి డ్రమ్ మెషీన్

'ఇన్ ది ఎయిర్ టునైట్' మొదట్లో వినిపించే టిక్ టిక్ అనే తాళం రోలాండ్ సీఆర్-78 అనే డ్రమ్ మెషీన్‌ది. 1978లో వచ్చిన పెట్టె. వాల్ట్‌జ్, రుంబా, బోసనోవా, డిస్కో లాంటి తాళాలు అందులో సిద్ధంగా ఉంటాయి, మనం కట్టిన తాళాన్ని దాచుకునే జ్ఞాపకశక్తి కూడా ఉంటుంది. హోటల్లో ఆర్గన్ పక్కన పెట్టుకుని వాయించుకోవడానికి చేసినట్టుండే మెషీన్ అది. దాని కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) శబ్దం డొక్కుగా ఉంటుంది, స్నేర్ (కరకరలాడే చిన్న డ్రమ్) శబ్దం ఇసుక రాల్చినట్టుంటుంది. అసలు డ్రమ్‌సెట్ శబ్దంతో దానికి ఏ పోలికా లేదు.

ప్రపంచంలోని గొప్ప డ్రమ్మర్లలో ఒకడు దీన్నెందుకు పట్టుకున్నాడన్నది నాకు మొదట్లో అంతుపట్టలేదు. సీఆర్-78 శబ్దాల శాంపిళ్లు దొరికితే వాటితో నేనూ ఒక తాళం కట్టుకుని కూర్చున్నాను. టెంపో (వేగం) నిమిషానికి 90 బీట్లు. ఒక పది నిమిషాలు వదిలేస్తే విషయం తెలిసొచ్చింది. నేను డ్రమ్స్ ముందు కూర్చుని పాట కట్టినప్పుడల్లా ముందు బీట్ పుడుతుంది, తర్వాత దానికి తగ్గట్టు మిగతావన్నీ. నాలుగు బార్లకోసారి (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం) ఫిల్, అంటే ఖాళీ నింపే చిన్న డ్రమ్స్ ముక్క, కొట్టాలని చేతులు లాగుతాయి. చరణం అయిపోయిందని చెప్పే పని డ్రమ్స్ చేసేస్తే, ఆ పనిని స్వరాలు, మాటలు చేయాల్సిన అవసరం ఉండదు. మెషీన్‌కు ఆ లాగుడు లేదు. అది ఎక్కడా పెరగదు, ఎక్కడా తగ్గదు. అప్పుడు పాట ముందుకు కదలాలంటే కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మారాలి, లేదా గొంతు పెరగాలి. ఇంతకాలం డ్రమ్స్ వెనక దాక్కున్న పనంతా కీబోర్డు మీదకు, గొంతు మీదకు వచ్చి పడుతుంది.

ఇంకొకటి. చేతులు రెండూ ఖాళీ అవుతాయి కాబట్టి డ్రమ్మర్ ఒక్కడే కూర్చుని పాట మొత్తం అల్లుకోవచ్చు. రాత్రి పదకొండింటికి డ్రమ్స్ వాయిస్తే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఊరుకోరు. మెషీన్ అయితే హెడ్‌ఫోన్స్‌లో తెల్లారేదాకా నడుస్తుంది. ఈ పాటలన్నీ నాకు రాత్రిపూటే వస్తున్నాయి.

జూన్ చివర: ప్యాడ్, గొంతు

కాలిన్స్ దగ్గరున్న సింథ్ ప్రాఫెట్-5. అది కూడా 1978లోనే వచ్చింది. పేరులోని ఐదు దేనికంటే, ఒకేసారి ఐదు స్వరాలే పలుకుతాయి. ఆరో మీట నొక్కితే మొదట నొక్కిన వాటిలో ఒకటి తెగిపోతుంది. నేను వాడే సాఫ్ట్‌వేర్ సింథ్‌లో కూడా ఐదుకే కట్టేశాను. పెడల్ నొక్కి కార్డ్ మారిస్తే పాత స్వరాలు ఒక్కోటీ రాలిపోతూ కొత్తవి పైకి వస్తాయి. ఆ రాలిపోయే చోట్ల చిన్న చిన్న ఖాళీలు ఏర్పడతాయి. గొంతు అక్కడ కూర్చుంటుంది. పదహారు స్వరాలు ఒకేసారి మోగించగలిగినప్పుడు ప్యాడ్ గోడలా నిలబడేది, ఎక్కడ పాడాలో తెలిసేది కాదు.

'ఇన్ ది ఎయిర్ టునైట్'లో మాటలు చాలావరకు మైకు ముందు అప్పటికప్పుడు వచ్చినవే. కాగితం మీద రాసుకుని పాడలేదు. ఎవరో నీళ్లలో మునిగిపోతుంటే ఇంకెవరో చూస్తూ ఊరుకున్నారని, దాని మీదే పాట కట్టాడని ఒక కథ దశాబ్దాలుగా తిరుగుతోంది. అది నిజం కాదని కాలిన్స్ ఎన్నోసార్లు చెప్పాడు. విడాకుల కోపం, బాధ అలా బయటికి వచ్చాయంతే.

నేనూ అలాగే పాడి చూశాను. తాళం, ప్యాడ్ నడుస్తుండగా లైట్ తీసేసి, ఏది నోటికొస్తే అది. మొదటిసారి వచ్చినవి ఎక్కువగా దీర్ఘాలే. సగం మాటలు, సగం ఉత్త అచ్చులు. మర్నాడు పొద్దున్నే కూర్చుని, అర్థం తిన్నగా ఉండేలా ఒక చరణం రాసి అదే రాగంలో పాడాను. రాసినది చదవడానికి బాగుంది. పాడితే ప్రతి మాటా తాళాన్ని తరుముకుంటూ వెళ్లింది. రాత్రి పాడిన దాంట్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పాటే చెప్పింది. పొద్దున పాడిన దాంట్లో ఊపిరి కోసం చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. రాత్రిదే ఉంచాను. అర్థం కాని రెండు చోట్ల మాత్రం అదే పొడవున్న మాటలు వేశాను.

జూలై, మొదటి వారం: మళ్లీ చేయాలా, దాని మీదే కట్టాలా

ఈ వారమంతా ఒక్క పరీక్ష మీదే గడిచింది. మా బ్యాండ్ ఎప్పుడూ చేసే పద్ధతిలో, మొదటి పాటను డెమో పక్కన పెట్టేసి మొదటి నుంచి శుభ్రంగా మళ్లీ రికార్డ్ చేశాను. మంచి మైకు, మంచి కీబోర్డు, తీరిగ్గా చాలా టేకులు. తర్వాత రెండూ మా బేసిస్టుకు వినిపించాను, ఏది ఏదో చెప్పకుండా.

'అన్నా, రెండోది నీట్‌గా ఉంది. కానీ మొదటి దాంట్లో నువ్వున్నావు' అన్నాడు. మొదటిది డెమో.

ఎందుకలా అనిపించిందని ఇద్దరం కూర్చుని ముక్కలు ముక్కలుగా విన్నాం. డెమోలో పల్లవి మళ్లీ వచ్చే ముందు ఒకచోట నేను ప్యాడ్ కార్డ్‌ను కొంచెం ఆలస్యంగా మార్చాను. గొంతు అప్పటికే తర్వాతి స్వరానికి వెళ్లిపోయింది. ఆ అర క్షణం గొంతుకూ కార్డ్‌కూ పొసగదు, తర్వాత కలుస్తాయి. శుభ్రమైన రికార్డింగ్‌లో రెండూ ఒకేసారి మారాయి కాబట్టి అక్కడ ఏమీ జరగనట్టే ఉంది. ఆ ఆలస్యాన్ని కావాలని మళ్లీ చేయబోతే, కావాలని చేసినట్టే వినబడింది. డెమోలో అది ఎలా వచ్చిందంటే, అప్పటికి తర్వాతి కార్డ్ ఏమిటో నాకే తెలియదు. తెలియని స్థితిలోంచి వచ్చిన దాన్ని తెలిసిన తర్వాత వాయించడం కుదరదు.

కాలిన్స్ తీసుకున్న నిర్ణయం ఇక్కడ నాకు పూర్తిగా అర్థమైంది. డెమోలను మళ్లీ వాయించబోతే ఆ భావం రాదని, ఆ టేపునే స్టూడియోకి పట్టుకెళ్లాడు. ఇంజనీర్ హ్యూ ప్యాడ్‌గమ్‌తో కలిసి ఆ ఎనిమిది ట్రాకులను ఇరవై నాలుగు ట్రాకుల టేపు మీదకు ఎక్కించి, మిగిలిన పదహారు ట్రాకుల్లో కొత్తవి చేర్చారు. కాపీ చేస్తే టేపు రొద కొంత పెరుగుతుంది. మొదటి రికార్డింగే గట్టిగా ఉండటంతో అది తట్టుకుంది. సీఆర్-78కు ఇంకో గుణం ఉంది. అది 1983లో వచ్చిన మిడీ (వాద్య యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపి నడిపే పద్ధతి) కంటే ముందుది, టెంపో చేత్తో తిప్పే గుండీ మీద ఆధారపడుతుంది. ఈ రోజు పెట్టిన వేగాన్ని రేపు అచ్చం అలాగే పెట్టడం కష్టం. కాబట్టి టేపు మీద పడిన తాళమే ఆ పాటకు గడియారం. తర్వాత ఎవరు వచ్చి వాయించినా ఆ రాత్రి గదిలో నడిచిన కాలంలోకే వచ్చి వాయించాలి.

వచ్చినవాళ్లు కూడా మామూలువాళ్లు కాదు. 'ఇఫ్ లీవింగ్ మీ ఈజ్ ఈజీ'లో ఎరిక్ క్లాప్టన్ గిటార్ వాయించాడు. కొన్ని పాటల్లో ఎర్త్ విండ్ అండ్ ఫైర్ బృందం హార్న్స్ విభాగం ఉంది. వయొలిన్ వాయించింది మన ఎల్. శంకర్. మద్రాసులో పుట్టి, జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో శక్తి బృందంలో వాయించిన కర్ణాటక విద్వాంసుడు. ఇంత పెద్ద వాద్యకారులు వచ్చినా ఆల్బమ్‌లో చాలా చోట్ల వాళ్లు డెమోకు దారి ఇచ్చి పక్కన నిలబడ్డారు.

అదే వారం చివర్లో

శంకర్ సంగతి తలుచుకుని, కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న మా పిన్ని కూతురిని పిలిచాను. డెమో పెట్టగానే తను అడిగిన మొదటి ప్రశ్న: 'అన్నయ్యా, దీని శ్రుతి ఎక్కడుంది?'

మంచి ప్రశ్నే. పాత అనలాగ్ సింథ్‌ల శ్రుతి వేడికి కొంచెం కొంచెం కదులుతుంది. నా సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ గుణం పెట్టి ఉంచాను. దాంతో పాట మొత్తం ప్రమాణ శ్రుతికి ఒక వెంట్రుకవాసి కిందే ఉంది. నేను ప్యాడ్‌ను సరిచేస్తానన్నాను, తను వద్దంది. తంబూరాకు శ్రుతి చేసుకున్నట్టే, ప్యాడ్‌లో ఎక్కువసేపు నిలిచే షడ్జమాన్ని నాలుగైదుసార్లు విని, తన తీగలే దానికి తగ్గించుకుంది. ఆ తర్వాత వాయించిన రెండు గమకాలు పాటలో ఎప్పటినుంచో ఉన్నట్టు అతుక్కుపోయాయి. తొమ్మిదో ట్రాకు ఇక్కడ తెరిచాను. డెమో పూర్తయ్యాకే పైవి చేర్చాలన్న నియమం కాబట్టి ఇది లెక్కలోనే ఉంది.

జూలై, మూడో వారం: మెట్ల గది

ఇక డ్రమ్స్. దీని కథ గాబ్రియేల్ మూడో సోలో ఆల్బమ్‌తో మొదలవుతుంది. అది 1980లో వచ్చింది, నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, ఇంజనీర్ ఇదే ప్యాడ్‌గమ్. లండన్‌లో గోల్డ్‌హాక్ రోడ్డులోని టౌన్‌హౌస్ స్టూడియో. ఆ ఆల్బమ్‌లో సింబల్స్ (డ్రమ్‌సెట్‌లోని లోహపు పళ్లేలు) వాడకూడదని గాబ్రియేల్ నియమం పెట్టాడు. డ్రమ్స్ వాయించడానికి వచ్చినవాళ్లలో కాలిన్స్ ఒకడు.

ఆ స్టూడియోలోని ఎస్‌ఎస్‌ఎల్ కంపెనీ మిక్సింగ్ కన్సోల్‌లో లిజన్ మైకు అని ఒకటి ఉండేది. వాయించే గదిలో పైన వేలాడే ఆ మైకు ఉన్నది వాద్యకారులు లోపల మాట్లాడే మాటలు ఇంజనీర్‌కు వినబడటానికి. దగ్గరున్నవాడు అరిచినా, మూలనున్నవాడు గొణిగినా ఒకే స్థాయిలో వినబడాలి కాబట్టి దానికి చాలా బలమైన కంప్రెసర్ తగిలించారు. కాలిన్స్ వాయిస్తుండగా ఆ మైకు తెరుచుకుంది. డ్రమ్స్ శబ్దం ఆ కంప్రెసర్ గుండా వచ్చి గదంతా పెద్దదైపోయినట్టు వినబడింది. అది రికార్డింగ్ కోసం పెట్టింది కాదు కాబట్టి నేరుగా టేపు మీదకు వెళ్లే దారి లేదు. ప్యాడ్‌గమ్ కన్సోల్ వైరింగ్ మార్పించి దారి వేయించాడు. ఆ కన్సోల్‌లో ప్రతి చానెల్‌కూ గేట్, అంటే శబ్దాన్ని తెంచేసే పరికరం, కూడా ఉండేది. ఆ శబ్దం 'ఇంట్రూడర్' పాటలో మొదట వినబడింది. అక్కడి నుంచే 'ఫేస్ వాల్యూ'కు వచ్చింది.

ఈ శబ్దానికి ఉన్న గేటెడ్ రివర్బ్ అనే పేరు డ్రమ్మర్లందరికీ తెలుసు. కానీ కంప్రెసర్, గేట్ రెండూ ఎందుకు కావాలో నాకు చేత్తో చేసేదాకా బుర్రకెక్కలేదు. డ్రమ్ కొట్టగానే శబ్దం పెద్దది, కంప్రెసర్ దాన్ని అణిచేస్తుంది. దెబ్బ అయిపోయి గది మోత మాత్రమే మిగిలినప్పుడు కంప్రెసర్ పట్టు వదిలి శబ్దాన్ని పైకి లాగుతుంది. అంటే మామూలుగా తగ్గిపోవాల్సిన మోత తగ్గకుండా అదే స్థాయిలో నిలబడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే తర్వాతి దెబ్బ మీద పడి అంతా కలగాపులగం అవుతుంది. అందుకే గేట్. అది ఒక క్షణం తర్వాత తలుపు మూసినట్టు మోతను తెంచేస్తుంది. పెద్ద గది, వెంటనే నిశ్శబ్దం. సహజంగా ఏ గదిలోనూ ఇలా జరగదు.

టౌన్‌హౌస్‌లో రాతి గోడల గది ఉండేది. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది సిమెంటు మెట్ల గది. కింద నుంచి పై దాకా తెరిచే ఉంటుంది, చప్పట్లు కొడితే రెండు సెకన్లు మోగుతుంది. అసోసియేషన్ ప్రెసిడెంట్‌ను అడిగాను.

'అంకుల్, ఆదివారం ఓ రెండు గంటలు మెట్ల దగ్గర డ్రమ్స్ వాయించుకోవచ్చా?'

'పదకొండు నుంచి ఒంటిగంట దాకా అయితే కానియ్యి బాబూ. భోజనాలయ్యాక మాత్రం వద్దు, అందరూ నడుం వాలుస్తారు.'

డ్రమ్‌సెట్‌ను గ్రౌండ్ ఫ్లోర్ మెట్ల పక్కన పెట్టాను. టామ్స్ అనే మధ్య సైజు డ్రమ్స్‌కు కింద తోలు తీసేశాను. కాలిన్స్ అప్పట్లో వాడింది ఒకవైపే తోలుండే టామ్స్. అలా అయితే స్వరం తొందరగా పడిపోతుంది, దెబ్బ మాత్రం సూటిగా వస్తుంది. మూడు మైకులు దగ్గరగా: కిక్, స్నేర్, టామ్స్ పైన ఒకటి. నాలుగోది రెండో అంతస్తు మలుపు దగ్గర, డ్రమ్స్ నుంచి సుమారు ఏడు మీటర్ల దూరంలో. ధ్వని ఒక మీటరు వెళ్లడానికి మూడు మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఆ మైకుకు శబ్దం ఇరవై మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని సరిచేయకుండా ఉంచాను. దెబ్బ ముందు, గది తర్వాత వినబడితేనే గది పెద్దదిగా అనిపిస్తుంది.

మొదట సింబల్స్‌తో వాయించి, పై మైకును కంప్రెసర్‌తో గట్టిగా నొక్కాను. క్రాష్ సింబల్ ఒక్కసారి తగిలితే చాలు, నాలుగు సెకన్ల పాటు మిగతా అన్నిటినీ మింగేసింది. కంప్రెసర్ మోతను పైకి లాగుతుంది కాబట్టి సింబల్ తగ్గేకొద్దీ దాన్ని లాగుతూనే ఉంటుంది, ఆ శబ్దానికి గేట్ మూసుకోదు. గాబ్రియేల్ నియమం లేకపోతే ఈ శబ్దం పుట్టేదే కాదేమో. సింబల్స్ అన్నీ తీసి గోడ వారన పెట్టేశాం. హైహ్యాట్ అనే జోడు సింబల్స్ కూడా.

గేట్ అమరికకే ఎక్కువ సమయం పట్టింది. పై మైకు శబ్దం ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది కాబట్టి, దాని గేట్‌ను ఆ శబ్దంతోనే తెరిపించబోతే ఎప్పుడు తెరుచుకుంటుందో నమ్మకం ఉండదు. అందుకని గేట్ తెరిచే పనిని కింద ఉన్న దగ్గర మైకులకు అప్పగించాను. స్నేర్ మైకులో దెబ్బ పడితే పైన గేట్ తెరుచుకుంటుంది. ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది పాట టెంపోను బట్టి లెక్క. నిమిషానికి 90 అంటే ఒక బీట్‌కు 667 మిల్లీసెకన్లు, అర బీట్‌కు 333, పావు బీట్‌కు 167. 167 పెడితే డ్రమ్ గొంతు నొక్కేసినట్టుంది. 333 దగ్గర మోత సరిగ్గా తర్వాతి అర బీట్ మొదలయ్యే చోట తెగింది. ఆ తెగడమే ఇంకో దెబ్బ కొట్టినట్టు తాళంలో భాగమైపోయింది. మూసుకునే వేగం ముప్ఫై మిల్లీసెకన్లు. అంతకంటే వేగంగా మూస్తే టక్కుమని చప్పుడొస్తోంది.

ఈ అమరికలో వాయించే చెయ్యి కూడా మారాలి. స్నేర్ మీద నేను అలవాటుగా కొట్టే చిన్న చిన్న లోపలి దెబ్బలకు గేట్ సగం తెరిచి సగం మూసి గందరగోళం చేసింది. అవన్నీ తీసేశాను. ప్రతి దెబ్బా కావాలని, ఒకే బరువుతో కొట్టాలి. రెండు దెబ్బల మధ్య మోత పూర్తిగా తెగేదాకా ఆగాలి. ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు మంచి టేక్ వచ్చింది. మూడో అంతస్తు పిల్లలు మెట్ల మీద కూర్చుని అంతా విన్నారు, ఒక్కరూ చప్పుడు చేయలేదు.

జూలై చివర: ఇంకో డ్రమ్మర్ టేపులు

మిక్సింగ్ మధ్య విరామంలో డెనిస్ విల్సన్ 'పసిఫిక్ ఓషన్ బ్లూ' విన్నాను. ఆయన అమెరికన్ బ్యాండ్ బీచ్ బాయ్స్ డ్రమ్మర్. 1977లో ఇది వచ్చింది, ఆయన బతికుండగా వెలువడిన సోలో ఆల్బమ్ ఇదొక్కటే. రెండో దానికి 'బంబూ' అని పేరు పెట్టి పని మొదలుపెట్టాడు, పూర్తి కాలేదు. 1983లో చనిపోయాడు. 2008లో మొదటి ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ మిగిలిన రికార్డింగులూ చేర్చారు. 'హోలీ మ్యాన్' అనే పాటకు సంగీతం మాత్రమే ఉంటే, ఫూ ఫైటర్స్ డ్రమ్మర్ టేలర్ హాకిన్స్ వచ్చి పాడాడు. ఒక డ్రమ్మర్ సగంలో వదిలిన పాటను ముప్ఫై ఏళ్ల తర్వాత ఇంకో డ్రమ్మర్ అందుకున్నాడు. ఇప్పుడు హాకిన్స్ కూడా లేడు. ఆ పాట విన్న రోజు నేను నా ఫైళ్లన్నిటికీ పేర్లు, తేదీలు, టెంపోలు సరిగ్గా రాసి రెండు చోట్ల దాచాను.

కాలిన్స్ డెమోల్లో కూడా చాలా వాటికి తర్వాత వేరే దారి దొరికింది. 'మిస్‌అండర్‌స్టాండింగ్', 'ప్లీజ్ డోంట్ ఆస్క్' పాటలు జెనెసిస్ 1980 ఆల్బమ్ 'డ్యూక్'లోకి వెళ్లాయి. 'ఫేస్ వాల్యూ' కాలంలోనే కట్టి పక్కన పెట్టిన ఒక పాట 1984లో 'అగైన్‌స్ట్ ఆల్ ఆడ్స్' సినిమా పాటగా మారి అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. 2016లో 'ఫేస్ వాల్యూ' మళ్లీ వచ్చినప్పుడు కొన్ని డెమోలు కూడా జత చేశారు. డ్రమ్మర్లు, పాటలు కట్టేవాళ్లు ముందు అవి వినాలి, ఆల్బమ్ తర్వాత వినొచ్చు.

ఆగస్టు, మొదటి వారం: డ్రమ్స్ ఎక్కడ రావాలి

డెమో ఎనిమిది ట్రాకులు, వయొలిన్, మెట్ల గది డ్రమ్స్ అన్నీ ఒక చోట చేర్చాను. మిగిలింది ఒక్క నిర్ణయం. డ్రమ్స్ పాటలో ఎక్కడ ప్రవేశించాలి?

ఈ ప్రశ్న ఆ రోజుల్లో కూడా వచ్చింది. అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ 'ఇన్ ది ఎయిర్ టునైట్' విని, అంతసేపు డ్రమ్స్ లేకపోతే వినేవాళ్లకు బీట్ దొరకదని అన్నాడు. అందుకని సింగిల్‌గా విడుదల చేసిన రూపంలో ముందు భాగానికి అదనపు డ్రమ్స్ చేర్చారు. 1981 జనవరిలో వచ్చిన ఆ సింగిల్ బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. కాబట్టి ఆ సలహా వ్యాపారానికి పనికిరాలేదని అనలేం. కానీ ఇన్నేళ్ల తర్వాత జనం గుర్తుపెట్టుకున్నది ఆల్బమ్ రూపమే. 2007లో బ్రిటన్‌లో ఒక చాక్లెట్ ప్రకటనలో గొరిల్లా ఆ డ్రమ్స్ వాయిస్తే పాట మళ్లీ చార్టుల్లోకి వచ్చింది. ఆ ప్రకటన మొత్తం గొరిల్లా ఎదురుచూపు మీదే నడుస్తుంది.

నా పాట నాలుగు నిమిషాల పది సెకన్లు. డ్రమ్స్‌ను మొదటి పల్లవి దగ్గర పెట్టి విన్నాను. బాగుంది, కానీ పాటలో ఆ తర్వాత కొత్తగా జరిగేదేమీ లేదు. రెండో పల్లవి దగ్గర పెట్టాను. ఇంకొంచెం బాగుంది. మూడు నిమిషాల దగ్గర, ఆ ఆలస్యమైన కార్డ్ వచ్చే చోట పెట్టాను. గొంతుకూ కార్డ్‌కూ పొసగని ఆ అర క్షణంలో టామ్స్ మొదటి దెబ్బ పడుతుంది. కార్డ్ గొంతును కలిసేసరికి స్నేర్ వస్తుంది. డెమోలో అనుకోకుండా వచ్చిన ఆ ఆలస్యమే డ్రమ్స్‌కు తలుపు తీసింది. బేసిస్టు విని ఒక్క మాట అన్నాడు: 'అన్నా, ఇంక కదపకు.'

కదపను. దానర్థం మూడు నిమిషాలు నేను డ్రమ్స్ వాయించకూడదు. రాబోయే లైవ్ షోలో కూడా అంతే. స్టేజీ మీద కర్రలు ఒళ్లో పెట్టుకుని మెషీన్ తాళం వింటూ కూర్చోవాలి. ప్రాక్టీసులో ఇదే కష్టంగా ఉంది. చేతులు వాటంతట అవే తొడల మీద ఆడుతున్నాయి, అది చూసి గిటారిస్టు తొందరపడుతున్నాడు.

ఆగస్టు, రెండో వారం

రెండో పాట డెమో మొదలైంది. టెంపో 76, కాబట్టి అర బీట్ 395 మిల్లీసెకన్లు. గేట్ అమరిక మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. ఈసారి ఎలక్ట్రిక్ పియానో లేదు, ఆ ట్రాకు రెండో గొంతుకు ఇచ్చాను. మెట్ల గదికి వచ్చే ఆదివారం అనుమతి దొరికింది, అదే పదకొండు నుంచి ఒంటిగంట. స్నేర్ తోలు మార్చాలి, నాలుగో మైకును ఈసారి మూడో అంతస్తులో పెట్టి చూడాలి. బేస్ ఇంకా రికార్డ్ చేయలేదు. మా వాడు డెమోను రోజూ బండి మీద వెళ్తూ వింటున్నాడట, మాటలతో సహా వచ్చేసిందట. శనివారం వస్తానన్నాడు.